మెడలో మిగిలిపోయిన పిండకాలపు ధమని: పక్షవాతం వచ్చినప్పుడు ఇది ఎందుకు తెలియాలి? యాచారం నుంచి ఆసుపత్రి దాకా ఏం జరగాలి?

మీ ఇంట్లో ఒకరికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో మెడకు, తలకు స్కాన్ తీశారు. రిపోర్టు చివర్లో ఇంగ్లిష్‌లో ఒక లైను ఉంది: పర్సిస్టెంట్ ప్రిమిటివ్ హైపోగ్లాసల్ ఆర్టరీ. అడిగితే 'పుట్టుకతో వచ్చింది, చాలా అరుదు' అన్నారు. అంతకుమించి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. ఆ మాట ఫోన్‌లో వెతికితే వచ్చేవన్నీ మెడికల్ జర్నళ్లే.

అప్పుడు మీకు సందేహాలు మొదలవుతాయి. పక్షవాతం దీనివల్లే వచ్చిందా? కోసి తీసేయాలా? పిల్లలకూ ఉంటుందా? ఈ మూడింటికీ జవాబులు ఉన్నాయి, కింద చెబుతాం. కానీ వీటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ధమని ఉందన్న సంగతి డాక్టర్లకు ఎప్పుడు తెలిసింది? చికిత్స నిర్ణయించక ముందా, తర్వాతా? అసలు సమస్య అక్కడే ఉంది.

మెదడుకు రక్తం ఏ దారిలో వెళ్తుంది?

మెడలో మెదడు కోసం నాలుగు పెద్ద రక్తనాళాలు ఉంటాయి. మెడకు రెండు పక్కలా, వేలు పెడితే కొట్టుకోవడం తెలిసేవి కెరోటిడ్ ధమనులు. మెదడు ముందు భాగానికి ప్రధానంగా రక్తం ఇచ్చేవి ఇవే. వెనుక, మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి వెళ్లేవి వర్టిబ్రల్ ధమనులు. ఈ రెండూ పుర్రెలోకి వెళ్లాక కలిసిపోయి బేసిలార్ అనే ఒకే ధమని అవుతాయి. చిన్నమెదడుకు, మెదడు కాండానికి రక్తం ఈ వెనుక దారిలోనే అందుతుంది. ఊపిరి, మింగడం, కంటి కదలికలు, ఒంటి నిలకడ, మెలకువగా ఉండటం – ఇవన్నీ ఆ భాగం చూసే పనులు.

ముందు దారి మూసుకుపోతే మనం ఊళ్లో చెప్పుకునే పక్షవాతం వస్తుంది. మూతి వంకర పోతుంది, ఒక చేయి, కాలు పడిపోతాయి, మాట తడబడుతుంది. వెనుక దారి మూసుకుపోతే చాలాసార్లు అలా కనిపించదు. ఒక్కసారిగా తల తిరుగుతుంది, వాంతులవుతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నిలబడితే ఒక పక్కకు తూలిపోతారు. రక్తం గడ్డకట్టడం వల్ల వచ్చే స్ట్రోక్‌లలో దాదాపు ఐదో వంతు ఈ వెనుక రకానివే.

పిండంలో ఉన్న వంతెన ఎందుకు మిగిలిపోతుంది?

తల్లి కడుపులో బిడ్డ పిండంగా ఉన్నప్పుడు, సుమారు నాలుగో వారం ప్రాంతంలో, వెనుక దారి ఇంకా తయారై ఉండదు. వర్టిబ్రల్ ధమనులు ఏర్పడే లోపు వెనుక మెదడు ఎండిపోకుండా, ముందు కెరోటిడ్ దారి నుంచి వెనక్కి కొన్ని అడ్డ నాళాలు రక్తం మోస్తాయి. వాగు మీద కొత్త వంతెన కట్టేటప్పుడు పక్కనే మట్టితో డైవర్షన్ రోడ్డు వేస్తారు కదా, అలాంటివన్నమాట. వంతెన పూర్తయ్యాక డైవర్షన్ రోడ్డు తీసేస్తారు. పిండంలోనూ కొద్ది రోజుల్లోనే, ఇంచుమించు వారం రోజుల వ్యవధిలో, ఈ నాళాలు మూసుకుపోతాయి.

ఇలాంటివి ముఖ్యంగా నాలుగు: ట్రైజెమినల్, ఓటిక్, హైపోగ్లాసల్, ప్రోఅట్లాంటల్. మొదటి మూడూ పుర్రె లోపల, పుర్రె అడుగున ఉండే నాడుల పేర్లతో వచ్చినవి. హైపోగ్లాసల్ అంటే నాలుకను కదిలించే పన్నెండో నాడి. ఆ నాడి బయటకు వచ్చే ఎముక రంధ్రం గుండానే ఈ ధమని లోపలికి వెళ్తుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. నాలుగో దాని పేరు మెడలోని మొదటి వెన్నుపూస పేరు మీద పెట్టింది.

కొందరిలో ఈ నాళాల్లో ఒకటి మూసుకోకుండా జీవితాంతం ఉండిపోతుంది. ఎందుకు ఉండిపోతుందో చెప్పే ఒకే కారణం అంటూ తేలలేదు. తల్లి ఏదో తినడం వల్లో, గ్రహణం చూడటం వల్లో మాత్రం కాదు. ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. పుట్టుకతో వచ్చింది అనగానే మన ఇళ్లలో వేలు ముందు తల్లి వైపే తిరుగుతుంది.

వైద్యశాస్త్రానికి ఇది కొత్త విషయం కాదు. ట్రైజెమినల్ రకాన్ని 1844లో రిచర్డ్ క్వెయిన్ శవపరీక్షలో చూసి వివరించారు. హైపోగ్లాసల్ రకాన్ని 1889లో బటుయెఫ్ నమోదు చేశారు. ఈ నాళాలు పిండంలో ఏ దశలో పుడతాయి, ఏ దశలో మాయమవుతాయి అన్నది 1948లో డార్కస్ పాజెట్ అనే అమెరికన్ పరిశోధకురాలు గీసిన బొమ్మలతో స్పష్టమైంది. ఇప్పటికీ డాక్టర్లు ఆ పనినే ఆధారంగా చెబుతారు.

ఎంత అరుదు?

రక్తనాళాల స్కాన్‌లు తీయించుకున్న వారిలో చూస్తే ట్రైజెమినల్ రకం 0.1 నుంచి 0.6 శాతం మందిలో కనిపించింది. హైపోగ్లాసల్ రకం 0.02 నుంచి 0.1 శాతం, అంటే పది వేల మందిలో ఇద్దరి నుంచి పది మంది. ప్రోఅట్లాంటల్ ఇంకా అరుదు, ప్రపంచమంతా కలిపినా నమోదైన కేసులు పదుల్లోనే. ఓటిక్ రకమైతే అసలు నిజంగా ఉందా లేదా అని నిపుణుల మధ్యే వాదన నడుస్తోంది.

మా హెడ్‌లైన్లకు 'అరుదైన' అనే మాట మహా ఇష్టం. కానీ ఒక లెక్క వేయండి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో సుమారు 3.5 కోట్ల మంది ఉన్నారు. హైపోగ్లాసల్ రకం తక్కువలో తక్కువ 0.02 శాతం అనుకున్నా 7 వేల మంది. ఆ శాతాలు ఆసుపత్రి స్కాన్‌ల నుంచి వచ్చినవి, ఊళ్లో ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టినవి కావు. కాబట్టి ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినా విషయం అర్థమవుతుంది. ఒక్కో డాక్టరుకు అరుదే, రాష్ట్రానికి మాత్రం వేలల్లో ఉండొచ్చు. వారిలో చాలామందికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాదు. ఆ ధమని దానంతట అది జబ్బు కాదు. రక్తం దాని గుండా చక్కగానే పారుతుంది.

మరి ఇబ్బంది ఎక్కడ?

ఇబ్బంది పటంలో ఉంది. హైపోగ్లాసల్ ధమని మిగిలిపోయిన వ్యక్తిలో సాధారణంగా వర్టిబ్రల్ ధమనులు రెండూ, కనీసం ఒకటైనా, సన్నగా ఉండిపోతాయి. డైవర్షన్ రోడ్డే మెయిన్ రోడ్డు అయిపోయింది కాబట్టి అసలు వంతెన పూర్తి వెడల్పుకు ఎదగలేదు. మెదడు అడుగున ముందు, వెనుక దారులను కలిపే చిన్న నాళాలు కూడా చాలాసార్లు ఉండవు. అంటే మామూలు మనిషిలో ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి కొంత ఆదుకుంటుంది. ఇక్కడ ఆ అవకాశం తక్కువ. మెదడు ముందు భాగంలో సగం, వెనుక భాగం దాదాపు మొత్తం, మెడలో ఒకే ఒక్క కెరోటిడ్ మీద ఆధారపడి బతుకుతుంటాయి.

ఇప్పుడు ఆ కెరోటిడ్‌లో కొవ్వు పేరుకుందనుకోండి. షుగర్, బీపీ, పొగాకు ఉన్నవారిలో ఇది కొత్తేమీ కాదు. నిమ్స్‌లో నిర్వహించిన హైదరాబాద్ స్ట్రోక్ రిజిస్ట్రీలో కూడా, గడ్డ వల్ల వచ్చే స్ట్రోక్‌లకు పెద్ద ధమనుల్లో కొవ్వు పేరుకోవడమే అన్నిటికన్నా ప్రధాన కారణంగా తేలింది. ఆ కొవ్వు మీద కట్టిన రక్తపు గడ్డ ఊడి పైకి కొట్టుకుపోతే, మామూలుగా మెదడు ముందు భాగంలో ఇరుక్కుంటుంది. ఈ ధమని ఉన్నవారిలో అది వెనక్కి కూడా పోగలదు. మెడ ముందు నాళంలో జబ్బు, దెబ్బ మాత్రం చిన్నమెదడుకు. పుస్తకం ప్రకారం పొసగని జత ఇది.

దీంతో డాక్టర్లు కూడా పొరబడే చోట్లు రెండున్నాయి. మొదటిది: స్కాన్‌లో ముందు భాగంలో ఒకటి, వెనుక భాగంలో ఒకటి దెబ్బలు కనిపిస్తే, రెండు వేర్వేరు దారుల్లోకి ఒకేసారి గడ్డలు వెళ్లాయంటే అవి గుండె నుంచే వచ్చి ఉంటాయని మొదట అనుమానిస్తారు. అది సహేతుకమే. గుండె లయ తప్పడం కోసం వెతుకుతారు, రక్తం పలుచబడే మందుల గురించి ఆలోచిస్తారు. అసలు దోషి అయిన కెరోటిడ్ పక్కకు పోవచ్చు. రెండోది: దెబ్బ వెనుక భాగానికే తగిలి, వర్టిబ్రల్ ధమనులు సన్నగా కనిపిస్తే, 'ఇవి సన్నగా ఉన్నాయి, అందుకే వచ్చింది' అని నింద వాటి మీద పడుతుంది. అవి పుట్టుక నుంచి సన్నవే. ఇన్నాళ్లూ వాటి మీద ఆధారపడి ఎవరూ బతకలేదు.

ఇక మెడకు చేసే డాప్లర్ అల్ట్రాసౌండ్‌లో ఇది దొరుకుతుందా? చాలాసార్లు దొరకదు. ఈ ధమని కెరోటిడ్ నుంచి చీలే చోటు మెడలో పైన, దవడ వెనుక, మొదటి మూడు వెన్నుపూసల ఎత్తులో ఉంటుంది. డాప్లర్ ప్రోబ్ అక్కడిదాకా సరిగా చూడలేదు. దొరికేది సీటీ యాంజియోగ్రఫీలోనో, ఎంఆర్ యాంజియోగ్రఫీలోనో. అది కూడా మెడ నుంచి తల దాకా తీస్తేనే. తల వరకే తీస్తే వంతెన మొదలయ్యే చోటు ఫ్రేములోకే రాదు. మామూలు సీటీలో ఒక చిన్న ఆధారం మాత్రం ఉంటుంది. నాలుక నాడి వెళ్లే ఎముక రంధ్రం ఆ పక్కన వెడల్పుగా కనిపిస్తుంది. చూడాలని తెలిసిన కంటికే అది కనిపిస్తుంది.

యాచారంలో ఒక తెల్లవారుజాము

ఇప్పుడు ఆసుపత్రి నుంచి ఊరికి వద్దాం. ఇది ఊహించి చెబుతున్న ఉదాహరణ, ఎవరి కేసూ కాదు.

యాచారం మండలంలో అరవై ఏళ్ల రైతు. షుగర్ ఉంది, చుట్ట అలవాటు ఉంది. తెల్లవారుజామున ఐదింటికి పొలానికి బయల్దేరబోతూ తల గిర్రున తిరిగి కూలబడ్డాడు. రెండు వాంతులయ్యాయి. చేతులు, కాళ్లు కదుపుతున్నాడు. మూతి బాగానే ఉంది. ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారు? రాత్రి తిన్నది పడలేదనో, పైత్యం చేసిందనో, షుగర్ డౌన్ అయిందనో. ఆర్‌ఎంపీని పిలుస్తారు. ఆయన ఒక సెలైన్, వాంతుల ఇంజక్షన్ ఇస్తాడు. 'సాయంత్రానికి తగ్గకపోతే పట్నం తీసుకుపోండి' అంటాడు. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం. పక్షవాతం అంటే చేయి కాలు పడిపోవడమే అని మనకు అందరూ చెప్పారు, మేమూ రాశాం.

ముఖం, చేయి, మాట – ఈ మూడింటినే చూసే 'ఫాస్ట్' పరీక్ష చాలా మంచిదే. కానీ అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 736 మంది స్ట్రోక్ రోగుల వివరాలు పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, 14 శాతం మందిలో ఈ మూడు లక్షణాల్లో ఒక్కటీ లేదు. వాటికి నడకలో తూలడం, చూపులో తేడా కలిపి చూస్తే, తప్పించుకుపోయే వారు నాలుగు శాతం చిల్లరకు తగ్గారు. అందుకే ఇప్పుడు 'బీ-ఫాస్ట్' అంటున్నారు, బీ అంటే బ్యాలెన్స్, ఈ అంటే ఐస్, అంటే కళ్లు.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. తల తిరగడం అందరికీ వస్తుంది, అన్నీ స్ట్రోక్ కావు. కానీ ఉన్నట్టుండి మొదలై, పట్టుకోకుండా నిలబడలేకపోతే, ఒకటి రెండుగా కనిపిస్తుంటే, మాట ముద్దగా వస్తుంటే, మింగలేకపోతుంటే, మెలకువ తగ్గుతుంటే, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్న మనిషిలో – అది సెలైన్ పెట్టి చూసే విషయం కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫోన్‌లో 'కళ్లు తిరిగి పడిపోయాడు' అని ఊరుకోకుండా 'పక్షవాతం అని అనుమానం' అని చెప్పండి. చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నాడో ఆ టైమ్ చెప్పండి. రాత్రి పదింటికి బాగానే పడుకుని, ఉదయం లేచేసరికి ఇలా ఉంటే, డాక్టర్లు లెక్క పదింటి నుంచే మొదలుపెడతారు. అలాంటి వారిలో ఎంఆర్‌ఐ చూసి మందు ఇవ్వొచ్చా లేదా అని తేల్చే పద్ధతులు వచ్చాయి. అది పెద్ద ఆసుపత్రిలోనే సాధ్యం.

ఈలోగా నోట్లో నీళ్లు, టీ, మాత్రలు ఏవీ వేయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆస్ప్రిన్ గుండెపోటుకు ఇస్తారని విని ఇక్కడా ఇచ్చేయకండి. లోపల నాళం చిట్లి రక్తం కారుతుంటే అది ప్రాణం మీదకు తెస్తుంది. గడ్డా, రక్తస్రావమా అన్నది సీటీ తీసేదాకా ఎంత పెద్ద డాక్టరుకైనా తెలియదు. బీపీ మాత్ర అదనంగా వేయడం కూడా వద్దు. గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూడొచ్చు, మరీ తగ్గినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

ఎక్కడికి వెళ్లాలి?

గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు ఉన్న గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు. ఇది ఆసుపత్రి గేటు దగ్గరకు చేరే గడువు కాదు, ఇంజక్షన్ నరంలోకి ఎక్కే గడువు. పెద్ద నాళం మూసుకుపోయిన స్ట్రోక్‌లో సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో అమెరికన్ న్యూరాలజిస్ట్ జెఫ్రీ సేవర్ లెక్కకట్టారు.

యాచారం నుంచి ఎల్‌బీనగర్ సుమారు నలభై కిలోమీటర్లు, పంజాగుట్టలోని నిమ్స్ ఇంకా దూరం. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, బొంగుళూరు గేటు దాటి, బీఎన్‌రెడ్డి నగర్ ట్రాఫిక్‌లో పడి నగరంలోకి రావాలి. తెల్లవారుజామున ఇది గంట ప్రయాణం, ఉదయం తొమ్మిదింటికి అదే రోడ్డు వేరే రోడ్డు. యాచారంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది కానీ పీహెచ్‌సీ స్థాయిలో సీటీ స్కాన్ ఉండదు. రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ఇబ్రహీంపట్నం దగ్గరి కొంగరకలాన్‌లో ఉంది, జిల్లా ఆసుపత్రి మాత్రం నగరానికి అవతల, కొండాపూర్‌లో. భూమి పాస్‌బుక్ పనికి యాచారం మనిషికి జిల్లా దగ్గరే, పక్షవాతానికి మాత్రం దూరం.

అందుకే 'దగ్గర్లోని ఆసుపత్రి' అనే మాట స్ట్రోక్ విషయంలో మోసం చేస్తుంది. ఒక చోటికి వెళ్లి, అక్కడ నుంచి రెఫర్ చేస్తే ఇంకో చోటికి వెళ్లి, అక్కడ సీటీ ఉన్నా రాత్రిపూట చూసే డాక్టర్ లేక మూడో చోటికి వెళ్లడంలోనే నాలుగున్నర గంటలు కరిగిపోతాయి. అంబులెన్స్‌లో ఉండగానే అడగాల్సిన ప్రశ్నలు మూడు: ఇప్పుడు ఈ టైమ్‌లో సీటీ నడుస్తోందా, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తారా, న్యూరాలజిస్ట్ వస్తారా లేక ఫోన్‌లోనైనా చూస్తారా. మూడింటికీ అవును అనే చోటికి వెళ్లండి, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే. నాలుగో ప్రశ్న కూడా అడగగలిగితే మంచిది: తొడ దగ్గర నుంచి గొట్టం పంపి గడ్డను లాగేసే థ్రాంబెక్టమీ సౌకర్యం ఉందా? బేసిలార్ ధమని మూసుకుపోయిన వారిలో ఆ చికిత్స మొదటి 12 గంటల్లో, ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల లోపు కూడా ప్రాణాలు కాపాడుతుందని 2022లో చైనా నుంచి వచ్చిన రెండు పెద్ద పరీక్షలు తేల్చాయి. అంతకుముందు ఈ గడ్డల విషయంలో డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు.

ఆ ధమని ఉంటే చికిత్స మారుతుందా?

గడ్డ కరిగించే ఇంజక్షన్ విషయంలో మారదు. ఈ ధమని ఉందన్న కారణంతో దాన్ని ఆపాల్సిన పని లేదు. గడ్డ లాగే చికిత్సలో దారి మారుతుంది. వెనుక మెదడులో గడ్డ ఉంటే మామూలుగా వర్టిబ్రల్ ధమని గుండా పైకి వెళ్తారు. ఇక్కడ ఆ దారి సన్నగా ఉంటుంది, కెరోటిడ్ గుండా వెళ్లి ఈ పాత వంతెన మీదుగా చేరాలి. ముందే స్కాన్‌లో చూసి ఉంటే సరే. చూడకుండా మొదలుపెడితే సన్నని దారిలో వెతుక్కుంటూ సమయం పోతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమయ్యేది మెడ ఆపరేషన్‌లో. కెరోటిడ్ 70 శాతం కన్నా ఎక్కువ పూడుకుపోయి, అప్పటికే స్ట్రోక్ లక్షణాలు వచ్చిన వారికి ఆ కొవ్వును తీసేసే ఆపరేషన్ మేలు చేస్తుందని 1991 నుంచీ తెలుసు. వీలైతే రెండు వారాల లోపే చేయాలంటారు. ఆ ఆపరేషన్‌లో కొద్దిసేపు కెరోటిడ్‌కు క్లిప్పు పెట్టి రక్తం ఆపుతారు. మామూలు మనిషిలో మిగతా మూడు నాళాలు ఆ కాసేపూ నెట్టుకొస్తాయి. హైపోగ్లాసల్ ధమని ఉన్న మనిషిలో అదే క్లిప్పు మెదడు కాండానికి వెళ్లే రక్తాన్ని కూడా ఆపేయగలదు. ఊపిరిని నడిపే భాగం అది. కాబట్టి ముందే తెలిసిన సర్జన్ తాత్కాలిక గొట్టం అమర్చి రక్తం పారుతూ ఉండేలా చూసుకుంటారు, లేదా స్టెంట్ వైపు ఆలోచిస్తారు. స్టెంట్ వేసేటప్పుడు కూడా ఊడిన ముక్కలు పైకి పోకుండా పెట్టే జల్లెడ రెండు దారులనూ కాపాడుతుందా అని చూసుకోవాలి. ఇవన్నీ సాధ్యమయ్యేవే, జర్నళ్లలో విజయవంతమైన కేసులు చాలా ఉన్నాయి. కావాల్సిందల్లా ఆ విషయం కత్తి పట్టుకోక ముందే తెలియడం.

ఇక మొదటి మూడు ప్రశ్నలకు జవాబులు. పక్షవాతం ఈ ధమని వల్లే రాలేదు, చాలావరకు కొవ్వు వల్లో గుండె వల్లో వచ్చి, ఈ దారిలో ప్రయాణించింది. ఆ ధమనిని తీసేయరు, తీసేయకూడదు కూడా, మెదడు దాని మీదే బతుకుతోంది. దాని గోడలో ఉబ్బు, అంటే అన్యూరిజం, కనిపించిన కేసులు ఉన్నాయి, అలా ఉంటే దానికి వేరే చికిత్స. పిల్లలకు వంశపారంపర్యంగా వస్తుందని తేలలేదు, లక్షణాలేవీ లేని కుటుంబ సభ్యులందరికీ స్కాన్‌లు తీయించాల్సిన పనీ లేదు. వారికి కావాల్సింది బీపీ, షుగర్ చూపించుకోవడం, పొగాకు మానడం. ఇవి వినడానికి చప్పగా ఉంటాయని తెలుసు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోండి. చేర్చిన వెంటనే ఇంట్లో ఒకరు రోగి దగ్గర, ఒకరు ఆ కౌంటర్ దగ్గర ఉండండి. ఏ చికిత్స పథకంలోకి వస్తుంది, ఏది బయట నుంచి కట్టాలి, ముఖ్యంగా మెడ నుంచి తల దాకా యాంజియోగ్రఫీ, గడ్డ కరిగించే ఇంజక్షన్, థ్రాంబెక్టమీ – ఈ మూడింటి పేర్లు పెట్టి అడగండి. 'అన్నీ వస్తాయి' అనే జవాబుతో ఊరుకోవద్దు.

ఇంకో మాట. సీటీ తీస్తున్నప్పుడే రంగు మందు ఎక్కించి యాంజియోగ్రఫీ కూడా తీస్తే అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే. 'ముందు మామూలు సీటీ, రేపు చూద్దాం' అనే పద్ధతి పేదవాడి రక్తనాళాల పటాన్ని ఒక రోజు ఆలస్యం చేస్తుంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ముందే చెప్పండి. పెద్ద నాళం మూసుకుపోయిందని అనుమానం ఉన్న అత్యవసరంలో, కిడ్నీ జబ్బు చరిత్ర లేని వారికి రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా తీయొచ్చని మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి.

పట్నం దాకా రాకుండా పని అవుతుందా?

అవుతుంది, మన దేశంలోనే అయింది. కొండల వల్ల ఆసుపత్రికి చేరడమే గండంగా ఉండే హిమాచల్ ప్రదేశ్‌లో 2014లో టెలిస్ట్రోక్ పథకం మొదలుపెట్టారు. సీటీ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లోని మామూలు ఫిజీషియన్లకు శిక్షణ ఇచ్చి, స్కాన్ బొమ్మలను స్మార్ట్‌ఫోన్‌లో దూరాన ఉన్న న్యూరాలజిస్టులకు పంపి, వారి సలహాతో అక్కడికక్కడే ఇంజక్షన్ ఇచ్చారు. కేరళ 'శిరస్' పేరుతో జిల్లా ఆసుపత్రుల్లో స్ట్రోక్ యూనిట్లు తెరిచింది. 2010లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం పేరులోనే క్యాన్సర్, షుగర్, గుండెజబ్బులతో పాటు స్ట్రోక్ కూడా ఉంది. 2023లో ఆ పేరు అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంగా మారింది.

ఇబ్రహీంపట్నం లాంటి చోట 24 గంటల సీటీ, ఫోన్ అవతల ఒక న్యూరాలజిస్ట్, ఫ్రిజ్‌లో ఆ ఇంజక్షన్ – ఈ మూడూ ఉంటే యాచారం, మంచాల, మాల్ వైపు నుంచి వచ్చే మనిషికి గంట కలిసొస్తుంది. ఇది అరుదైన ధమని ఉన్నవాడి కోసం కాదు, స్ట్రోక్ వచ్చిన ప్రతివాడి కోసం. కానీ ఆ అరుదైన మనిషి కూడా బయటపడేది అదే దారిలో. అతని మెడలో ఏముందో ముందే ఎవరికీ తెలియదు కాబట్టి, అందరికీ ఒకే రకమైన మంచి స్కాన్ తీస్తేనే అతను కనిపిస్తాడు. 108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశానికంతటికీ నమూనా అయింది. ఆ అంబులెన్స్ ఎక్కిన రోగికి అవతల తెరిచి ఉండే తలుపు గురించి మాత్రం అంత పట్టుదల కనిపించలేదు.

మీ రిపోర్టులో ఆ లైను ఉంటే

డిశ్చార్జ్ సమ్మరీలో ఆ మాట ఉందో లేదో చూడండి. స్కాన్ రిపోర్టులో ఉండి సమ్మరీలో లేకపోతే రాయమని అడగండి, ఏ పక్కన ఉంది, కుడా ఎడమా, అన్నది కూడా. రేపు ఇంకో ఆసుపత్రిలో మెడకు ఏ ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, థైరాయిడ్ కోసమో గొంతు గడ్డ కోసమో అయినా సరే, సర్జన్‌కు, మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఆ కాగితం ముందే చూపించాలి. ఫిల్ములు బీరువా మీద ప్లాస్టిక్ కవర్‌లో ఎండకు పాడవుతాయి. ఆసుపత్రి ఇచ్చే సీడీ తీసుకోండి. రిపోర్టును ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. 14 అంకెల ఆభా నంబర్ ఉంటే దానికి జత చేయించండి. రోగి జేబులో ఉండే షుగర్ చీటీ వెనకాల తెలుగులోనే రాసి పెట్టండి: మెడలో ఎడమ వైపు, లేదా కుడి వైపు, పుట్టుకతో వచ్చిన అదనపు ధమని ఉంది, మెదడు వెనుక భాగానికి రక్తం దానిగుండానే, క్లిప్పు పెట్టే ముందు పాత స్కాన్ చూడండి.